కేసు కోర్టులో ఉండగానే మున్సిపల్ ఫైలు 'ధ్వంసం' అంటున్నారు: దారేమిటి?

గట్టు_తగాదా
పరిస్థితి ఇదీ. 1990ల నాటి ఆమోదిత లే-అవుట్. ప్లానులో పార్కుగా చూపిన జాగాలో కొంత భాగానికి మున్సిపాలిటీ తర్వాత ఇంటి అనుమతి ఇచ్చింది. కాలనీ సంఘం హైకోర్టులో రిట్ వేసింది. నోటీసులు వెళ్లాయి, మున్సిపాలిటీ జవాబు (కౌంటర్) ఇంకా రాలేదు. ఈలోగా లే-అవుట్ ఫైలు నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే "సదరు ఫైలు పాత రికార్డుల తొలగింపులో ధ్వంసం చేయబడినది" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో అన్నది లేదు.

దీంతో కేసు మనవైపు తిరిగినట్టేనా? క్రిమినల్ కేసు పెట్టొచ్చా? అసలు కాగితం లేకుండా పార్కు అని రుజువు చేసేదెలా?

కోర్టు_మెట్లు
మొదటిదానికి జవాబు: తిరగలేదు. ఫైలు మాయమైతే ప్రభుత్వం ఓడిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. ఆ భరోసాతో మిగతా కాగితాలు పోగు చేసుకోవడం మానేస్తారు. అక్కడే మునుగుతారు.

వకాల్తా_నామా
కోర్టు_మెట్లు గారి మాటకు కొంచెం వివరం. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని బయటపెట్టని పక్షం మీద, అది బయటపడితే వాళ్లకే నష్టం కాబట్టి దాచారని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టం 114వ సెక్షన్ 'జి' ఉదాహరణ ఇదే. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 119. రుజువు భారం తమ మీద లేదన్న సాకుతో కూడా ముఖ్యమైన కాగితం దాచకూడదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. కాకపోతే సెక్షన్‌లో ఉన్న మాట 'అనుకోవచ్చు', 'అనుకోవాలి' కాదు. జడ్జిగారి విచక్షణ అది.

ఆ విచక్షణ మీవైపు మొగ్గాలంటే మూడు చూపించాలి. ఫైలు అనేది నిజంగా ఉండేదని. కేసు సంగతి ఆఫీసుకు తెలిసిన తర్వాతే అది పోయిందని. పోయిన తీరు వాళ్ల సొంత నిబంధనలకే విరుద్ధమని. రెండోదే అన్నిటికన్నా బరువైనది. రిట్ నోటీసు ఆఫీసులో అందిన తేదీ, ధ్వంసం తేదీ పక్కపక్కన పెట్టి చూపగలిగితే సగం వాదన అయిపోయినట్టే.

ఇంకో మాట. టైటిల్ (యాజమాన్య హక్కు) దావాలో వాది తన బలం మీదే గెలవాలి. అవతలివాళ్లు కాగితం కాల్చారన్నంత మాత్రాన మీకు హక్కు పుట్టదు. ఇక్కడ అడిగేది పార్కు కాబట్టి కొంత నయం. అది ప్రజల జాగా, ట్రస్టీలా కాపాడాల్సింది మున్సిపాలిటీయే.

పాత_దస్త్రం
'ధ్వంసం చేయబడినది' అన్న జవాబు చదవగానే ముందు అడగాల్సింది: ఏ డిస్పోజల్, అంటే ఫైలును ఏ రకం కింద ముగించారు? జిల్లా ఆఫీసు మాన్యువల్ పద్ధతి నడిచే ఆఫీసుల్లో ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాసేస్తారు. ఆర్.డిస్ అయితే శాశ్వతం. డి.డిస్ అయితే పదేళ్లు. ఎల్.డిస్ అయితే అంతకన్నా చాలా తక్కువ. లే-అవుట్ ఆమోదం లాంటి ఆస్తి హక్కుల ఫైలును ఎల్.డిస్‌లో మూశారంటే ఆ మూయడమే తప్పు. ఆర్.డిస్‌లో ఉన్నదాన్ని తీసేశారంటే చెప్పనక్కర్లేదు.

ఇక ఫైలు కాలినా దాని అడుగుజాడలు ఆఫీసులో నాలుగైదు చోట్ల మిగులుతాయి. కాగితం లోపలికి వచ్చిన రోజు ఇన్‌వర్డ్ లేదా డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో నంబరు పడుతుంది. సీటు గుమస్తా పర్సనల్ రిజిస్టర్‌లో అదే నంబరు కింద ఎప్పుడు ఎవరికి పెట్టాడో, ఎలా ముగిసిందో ఉంటుంది. బయటకు పోయిన ప్రతి ఉత్తరం డెస్పాచ్ రిజిస్టర్‌లో ఉంటుంది. రికార్డు రూముకు పంపినప్పుడు అక్కడి రిజిస్టర్‌లో ఎక్కుతుంది, మళ్లీ ఎవరైనా తీసుకుంటే ఇష్యూ రిజిస్టర్‌లో సంతకం. చివరికి తీసేసేటప్పుడు ఫైళ్ల జాబితా రాసి, ఆఫీసు అధిపతి ఉత్తర్వు తీసుకుని, రిజిస్టర్‌లో ఎదురుగా ఎర్ర సిరాతో తేదీ వేయాలి. ఆ ఒక్క ఫైలే జాబితాలో ఉండి, దాని ముందువీ వెనుకవీ అదే ఏడాది ఫైళ్లు క్షేమంగా ఉన్నాయనుకోండి. దాన్ని తొలగింపు అనరు, ఏరివేత అంటారు.

నిజం చెప్పాలంటే 'ధ్వంసం' అని వచ్చిన జవాబుల్లో కొన్ని అబద్ధాలు కూడా. బీరువా వెతకడం ఇష్టం లేక రాసేస్తారు. ఇష్యూ రిజిస్టర్ చూస్తే ఫైలు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనో, స్టాండింగ్ కౌన్సిల్ (మున్సిపాలిటీ తరఫు లాయరు) ఆఫీసులోనో తేలుతుంది. కౌంటర్ రాయడానికని అక్కడికి పంపి మరిచిపోతారు.

ఫస్ట్_అప్పీల్
పాత_దస్త్రం గారు చెప్పిన రిజిస్టర్లనే ఇప్పుడు రెండో దరఖాస్తులో అడగండి. "ఫైలు ఎందుకు ధ్వంసం చేశారు?" అని రాయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన పని సమాచార అధికారికి లేదు, చేతిలో ఉన్న కాగితమే ఇవ్వాలి. అందుకని కాగితాల పేర్లతో అడగండి:

- ఫలానా ఫైలు నంబరుకు సంబంధించిన పర్సనల్ రిజిస్టర్ పేజీ నకలు, డిస్పోజల్ కనిపించేలా
- ఆ ఏడాది రికార్డు రూముకు అప్పగించిన ఫైళ్ల జాబితా, ఇష్యూ రిజిస్టర్ పేజీలు
- ధ్వంసం చేసిన ఫైళ్ల జాబితా, దానికి ఆమోదమిచ్చిన ఉత్తర్వు, నోట్ ఫైలుతో సహా
- చిత్తు కాగితంగా అమ్మి ఉంటే ఆ సొమ్ము జమ చేసిన చలానా
- ఫలానా రిట్ నోటీసు ఆఫీసుకు అందిన తేదీ చూపే ఇన్‌వర్డ్ పేజీ, కోర్టు కేసుల రిజిస్టర్ పేజీ

చివరిదాన్ని మరవొద్దు. వకాల్తా_నామా గారు చెప్పిన రెండు తేదీల్లో ఒకటి అక్కడే దొరుకుతుంది. దాంతోపాటు రిజిస్టర్లను స్వయంగా తనిఖీ చేస్తామని కూడా రాయండి, సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తుంది. మున్సిపాలిటీకి ఫీజు 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు.

గడువు 30 రోజులు. మొదటి అప్పీలుకు 30 రోజులు, కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు. 2013లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది: ఒకప్పుడు ఆఫీసులో ఉన్న సమాచారాన్ని 'దొరకలేదు' అని తోసేయడానికి వీల్లేదు, గట్టిగా వెతికించాలి, పోయిందని తేలితే బాధ్యులెవరో విచారణ జరిపించాలి. అప్పీలులో ఈ మాట పెట్టండి.

జరిమానా సంగతి: సెక్షన్ 20 కింద రోజుకు 250, మొత్తం 25,000 రూపాయలకు మించదు. అందులో 'దరఖాస్తులో అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేయడం' అని విడిగా ఉంది. దరఖాస్తు పడిన తర్వాత ఫైలు పోతే ఈ మాట తగులుతుంది. అంతకుముందే పోతే తగలదు, అప్పుడు తప్పుడు జవాబు ఇచ్చారన్న దారి చూసుకోవాలి.

గట్టు_తగాదా
ఫైలు నంబరే తెలియకపోతే?

ఎఫ్ఎంబీ_షీటు
లే-అవుట్ ఆమోదపు ప్రొసీడింగ్స్ కాగితం తలమీద ఉంటుంది. కాలనీలో ఎవరి సేల్ డీడ్ తీసినా "ఫలానా ఎల్.పి. నంబరు లే-అవుట్‌లోని ప్లాటు" అని రాసి ఉంటుంది. బ్యాంకు లోను తీసుకున్నవాళ్ల ఫైలులో ప్లాను నకలు ఉండొచ్చు.

అసలు ఒక ఆఫీసులో పోతే లోకంలోనే పోయినట్టు కాదండీ. లే-అవుట్ సాంకేతిక ఆమోదం టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టరేట్ నుంచో, పట్టణాభివృద్ధి సంస్థ నుంచో వచ్చి ఉంటుంది. అక్కడ వాళ్ల ఫైలు వేరే. పార్కూ రోడ్లూ మున్సిపాలిటీకి ఉచితంగా అప్పగిస్తూ డెవలపర్ గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించి ఉంటే పండగే. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఒకటో పుస్తకంలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ చట్టం 57 కింద ఎవరైనా ఫీజు కట్టి సర్టిఫైడ్ నకలు తెచ్చుకోవచ్చు. మున్సిపాలిటీ ఎన్ని బీరువాలు తగలబెట్టినా ఆ పుస్తకానికి సెగ తగలదు. ముందు ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి.

గిఫ్ట్ డీడ్ లేకపోతే పార్కు పక్క ప్లాట్ల దస్తావేజుల్లో హద్దులు చూడండి. "తూర్పు: పార్కు స్థలం" అని నలుగురి దస్తావేజుల్లో, అదీ వివాదం పుట్టకముందు ఏళ్లవి, కనిపిస్తే కోర్టు తేలిగ్గా తీసుకోదు. కౌన్సిల్ తీర్మానాల పుస్తకం ఇంకోటి. పార్కుకు ఎప్పుడైనా ప్రహరీ కట్టించి ఉంటే ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), ఆడిట్ దగ్గర ఓచర్లు. మున్సిపాలిటీయే డబ్బు ఖర్చు పెట్టి 'పార్కు ప్రహరీ' అని రాసుకున్నాక అది పార్కు కాదనడం కష్టం.

వకాల్తా_నామా
ఎఫ్ఎంబీ_షీటు గారు చెప్పినవన్నీ సెకండరీ సాక్ష్యంగా, అంటే అసలుకు బదులుగా, ఎలా ఎక్కుతాయో చెబుతాను, ఎందుకంటే సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఇక్కడే జారిపోతారు. అసలు పోయినప్పుడు నకలు పెట్టుకునే వీలు భారతీయ సాక్ష్య అధినియం 60(సి)లో ఉంది, పాత చట్టంలో 65(సి). 2024 జూలై 1కి ముందే మొదలైన విచారణకు పాత చట్టమే వర్తిస్తుంది. సెక్షన్ తప్పు రాస్తే ఆఫీసు అబ్జెక్షన్ పడుతుంది.

నకలు నేరుగా పెట్టేస్తే కోర్టులో సాక్ష్యంగా మార్కు చేయరు. ముందు పునాది వేయాలి: అసలు ఉండేది, అది ఫలానా కస్టడీలో ఉండేది, అడిగితే లేదన్నారు, ఈ నకలు అసలు నుంచే తీసినది. ఇంత అఫిడవిట్‌లో ఉండాలి. జిరాక్సుకు జిరాక్సు, అదీ అసలుతో సరిచూడనిది, నిలవదు. ఎక్కువ కేసుల్లో కొట్టేసేది దీన్నే.

మీకు వచ్చిన ఆ ఒక్క ముక్క జవాబును పారేయకండి. అది మీ చేతిలో మంచి ఆయుధం. మామూలుగా అసలు ఎవరి దగ్గర ఉందో వాళ్లకు 'హాజరుపరచండి' అని ముందు నోటీసు ఇవ్వాలి. అవతలి పక్షం కాగితం పోయిందని తానే ఒప్పుకున్నప్పుడు ఆ నోటీసు అక్కర్లేదని సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. సంతకంతో ఉన్న ఆ జవాబు ఒప్పుకోలే.

నిప్పురవ్వ
ఇంత తతంగం దేనికి? కోర్టు ధిక్కారం వేస్తే దెబ్బకు ఫైలు దొరుకుతుంది.

కోర్టు_మెట్లు
ఏ ఉత్తర్వును ధిక్కరించారని వేస్తారు? రికార్డు భద్రపరచమని కోర్టు చెప్పనే లేదు కదా. సివిల్ ధిక్కారానికి ఉల్లంఘించిన ఆదేశం ఒకటి కావాలి. ఆదేశం లేకపోతే మిగిలేది న్యాయ నిర్వహణకు అడ్డు తగిలారన్న క్రిమినల్ ధిక్కారం, దానికి మామూలు మనిషి వెళ్లాలంటే అడ్వకేట్ జనరల్ లిఖితపూర్వక సమ్మతి తేవాలి. పైగా ఏడాది దాటితే ఏ ధిక్కారమూ నిలవదు.

వకాల్తా_నామా
కరెక్ట్. కాబట్టి ముందు ఆదేశం తెచ్చుకోవాలి. రిట్‌లోనే ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయండి. అందులో కోరాల్సింది: లే-అవుట్ ఫైలు, నిర్మాణ అనుమతి ఫైలు, కౌన్సిల్ తీర్మానాలు, సంబంధిత రిజిస్టర్లు ఉన్నవి ఉన్నట్టు భద్రపరచి కోర్టు ముందు పెట్టాలని, పోయినవాటి గురించి కమిషనర్ స్వయంగా, కింది ఉద్యోగి కాకుండా, ఎప్పుడు ఎలా పోయాయో అఫిడవిట్ వేయాలని, ఇతర ఆఫీసుల నకళ్లతో ఫైలును తిరిగి కట్టాలని. మూడోది చాలామంది అడగరు. ఫైలు పునర్నిర్మాణం అనేది ఆఫీసులకు కొత్తేమీ కాదు, అడగకపోతే మాత్రం చేయరు.

సివిల్ దావా అయితే దారి వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద పత్రాలు బయటపెట్టమని అడగాలి. ఉత్తర్వు ఇచ్చినా పాటించకపోతే రూల్ 21 కింద ప్రతివాది డిఫెన్స్ కొట్టేయొచ్చు. భద్రపరచమన్న ఇంజంక్షన్ ఉల్లంఘిస్తే ఆర్డర్ 39 రూల్ 2ఎ: ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు.

దీనికన్నా ముందు చేయాల్సిన చవకైన పని ఒకటుంది. కేసు వేసిన రోజే కమిషనర్‌కు, టౌన్ ప్లానింగ్ అధికారికి, మున్సిపాలిటీ స్టాండింగ్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఒక పేజీ ఉత్తరం. ఫైలు నంబర్లు రాసి, వీటిమీద కేసు ఉంది, తొలగింపు జాబితాలో చేర్చవద్దు అని. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జాగ్రత్త. అమెరికాలో వ్యాజ్యం వస్తుందని తెలిసిన క్షణం నుంచే రికార్డు ఆపి ఉంచాల్సిన బాధ్యత పుడుతుంది, అక్కడి ఫెడరల్ కోర్టుల్లో ఎలక్ట్రానిక్ సమాచారం కావాలని చెరిపేస్తే ఏమవుతుందో 2015లో సవరించిన రూల్ 37(ఇ)లో రాసిపెట్టారు. మన సివిల్ ప్రొసీజర్‌లో అంత స్పష్టమైన రూలు లేదు. ఆ లోటును పూడ్చేది మీ ఉత్తరమే. 'మాకు తెలియదు' అనే మాట దాంతో మూసుకుపోతుంది.

గట్టు_తగాదా
క్రిమినల్ వైపు చెప్పండి.

సెక్షన్_పుస్తకం
భారతీయ న్యాయ సంహిత 241. కోర్టులో హాజరుపరచమని చట్టప్రకారం అడగదగ్గ పత్రాన్ని, ఎలక్ట్రానిక్ రికార్డును కూడా, సాక్ష్యంగా రాకుండా చేయాలన్న ఉద్దేశంతో దాచినా ధ్వంసం చేసినా చదవరాకుండా చేసినా మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1కి ముందు జరిగిన పని అయితే ఐపీసీ 204, శిక్ష రెండేళ్ల దాకా.

ఇందులో మూడు చిక్కులు, ఒక సౌలభ్యం.

సౌలభ్యం ఇది: కోర్టు వ్యవహారాల్లో జరిగే చాలా నేరాలకు ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి, బయటివాళ్లు చేయలేరు. నాగరిక్ సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 215లో ఆ జాబితా ఉంది. న్యాయ సంహిత 229 నుంచి 233, తర్వాత 236, 237, ఆపైన 242 నుంచి 248... మధ్యలో 241 లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195లోనూ ఐపీసీ 204 లేదు. కాబట్టి ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవచ్చు.

చిక్కులు: ఇది నాన్ కాగ్నిజబుల్, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టరు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ప్రభుత్వ ఉద్యోగి మీద ఫిర్యాదు అయితే కాగ్నిజెన్స్ (కేసును విచారణకు తీసుకోవడం) ముందు అతని మాట, పై అధికారి నివేదిక తెప్పించుకోవాలని సురక్షా సంహిత 223(2) చెబుతోంది. ప్రభుత్వ అనుమతి ఉంటే తప్ప తొలగించరాని స్థాయి అధికారి అయితే 218 కింద ప్రాసిక్యూషన్‌కు అనుమతి అన్న వాదన వస్తుంది. కొత్త చట్టంలో 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే. కింది స్థాయి గుమస్తాలకు ఈ రక్షణ లేదు, అందుకే చివరికి బలయ్యేది వాళ్లే. మూడోది కాలపరిమితి: మూడేళ్లు. నేరం జరిగిందని తెలియకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క. మీకైతే సమాచార హక్కు జవాబు అందిన రోజు అని వాదించవచ్చు, ఆ కవరు మీద పోస్టల్ ముద్ర దాచండి.

ఇక 'ఉద్దేశం' రుజువు చేయడం. అది పాత_దస్త్రం గారి రిజిస్టర్ల నుంచే రావాలి, వేరే చోటు లేదు.

నిప్పురవ్వ
1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టంలో ఐదేళ్ల జైలు ఉంది కదా? అది పెట్టొచ్చుగా.

సెక్షన్_పుస్తకం
ఉంది. ఐదేళ్ల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఆ చట్టం పరిధి కేంద్ర ప్రభుత్వం, కేంద్రపాలిత ప్రాంతాలు, వాటి కింది సంస్థలు. రాష్ట్ర మున్సిపాలిటీకి అది రాదు. పిటిషన్లలో ఊరికే ఎక్కించేస్తుంటారు, అవతలి లాయరు దాన్నే పట్టుకుని మొత్తం ఫిర్యాదు చులకన చేస్తాడు.

పాత_దస్త్రం
క్రిమినల్ కన్నా ఉద్యోగులు భయపడేది శాఖాపరమైన విచారణకు. 1991 సీసీఏ (ఉద్యోగుల క్రమశిక్షణ) నిబంధనల కింద రూల్ 20 విచారణ మొదలైతే ప్రమోషన్ ఆగుతుంది. ఫిర్యాదు కమిషనర్‌కు కాదు, పైన మున్సిపల్ పరిపాలన డైరెక్టర్‌కు ఇవ్వండి. ఆలస్యం వద్దు. ఆ మనిషి రిటైరయ్యాక అయితే, 1980 పెన్షన్ నిబంధనల రూల్ 9 ప్రకారం, నాలుగేళ్ల కిందటి సంగతి మీద కొత్తగా విచారణ మొదలుపెట్టలేరు. 'పరిశీలనలో ఉంది' అంటూ సాగదీసేది చాలాసార్లు ఈ గడియారం కోసమే.

అగ్నిప్రమాదం పేరుతో పోయిన ఫైళ్లకూ ఇదే తీరు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో రెవెన్యూ ఫైళ్లు కాలినప్పుడు ప్రభుత్వం అనుమానంతో దర్యాప్తు పెట్టింది. అలాంటప్పుడు సామాన్యుడు చూసుకోవాల్సింది తన ఫైలు తాలూకు కాగితాలు కింద తహసీల్దార్ ఆఫీసులోనూ, పైన కలెక్టరేట్‌లోనూ ఏ నంబరుతో ఉన్నాయన్నది. రెవెన్యూలో కాగితం ఒక్కచోటే ఆగదు, అదే మన అదృష్టం.

బిట్_బైట్
నిర్మాణ అనుమతి ఇటీవలిదైతే అది ఆన్‌లైన్‌లో జరిగి ఉంటుంది, కాగితం గోల వదిలేయండి. దరఖాస్తు, అప్‌లోడ్ చేసిన ప్లాను, ఏ లాగిన్ నుంచి ఏ తేదీ ఆమోదం పడిందన్నది సర్వర్‌లో ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తులో 'ఫైలు' అనకుండా 'ఆ దరఖాస్తు నంబరు తాలూకు ఎలక్ట్రానిక్ రికార్డు, కదలికల వివరాలతో' అని అడగండి. కోర్టుకు పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. కొత్త నమూనాలో రెండు భాగాలు, ఒకటి పక్షం, ఒకటి నిపుణుడు, రెండింట్లోనూ హ్యాష్ విలువ (ఫైలులో ఏం మారినా మారిపోయే గుర్తింపు అంకె) రాయాలి. మీరు తీసిన స్క్రీన్‌షాట్‌కైనా ఇది తప్పదు. ఫైలును వాట్సాప్‌లో పంపించుకుని ఆ కాపీకి హ్యాష్ తీయకండి. ఫోటోలు అక్కడ కుదించుకుపోతాయి, విలువ మారిపోతుంది.

రికార్డు రూము సీసీ కెమెరా ఫుటేజీ కావాలంటే ఆ వారమే అడగాలి. 2020లో సుప్రీంకోర్టు 18 నెలలు దాచమన్నది పోలీసు స్టేషన్ల ఫుటేజీ గురించి. మున్సిపల్ ఆఫీసు కెమెరా డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది.

గట్టు_తగాదా
రిజిస్టర్ల తనిఖీకి తేదీ ఇస్తే ఎవరు వెళ్లాలి, ఏం చూడాలి?

పాత_దస్త్రం
ఇద్దరు వెళ్లండి, ఒకరు చదవడానికి, ఒకరు రాసుకోవడానికి. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, మధ్యలో చించిన ఆనవాలుందా, ఆ ఫైలు వరసలో దిద్దుబాటు ఉంటే దాని పక్కన పొట్టి సంతకం ఉందా చూడండి. తొలగింపు తేదీ రాసిన సిరా, చేతిరాత ఆ పేజీలో మిగతా తేదీలతో పోల్చండి. ఆ రోజు ఆదివారమో, సెలవో అయిందేమో క్యాలెండర్‌లో చూసుకోండి. అనుమానం వస్తే అక్కడ వాదన పెట్టుకోవద్దు. ఆ పేజీ సర్టిఫైడ్ నకలు కావాలని అక్కడికక్కడే రాసిచ్చి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని బయటికి రండి.